ఏ లినక్స్ మంచిదన్నది తర్వాత.. ఇరుక్కుంటే అడిగేది ఎవరిని?

2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. మర్నాడు ఏ ల్యాప్‌టాపూ ఆగిపోలేదు. స్క్రీన్ అదే, స్టార్ట్ బటన్ అదే. అందుకే చాలా ఇళ్లల్లో ఈ సంగతే తెలియలేదు. ఆగిపోయింది కంటికి కనపడనిది. సిస్టమ్‌లో కొత్తగా బయటపడే లోపాలను ఎప్పటికప్పుడు పూడ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. కొన్ని షరతుల మీద పేరు నమోదు చేసుకున్నవాళ్లకు 2026 అక్టోబరు 13 దాకా ఇంకో ఏడాది గడువు ఇచ్చారు. అంతే.

వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ మీదే చదువులు నడిచే ఇళ్లు తక్కువేం కాదు. ఇంటికంతటికీ ఒక్కటే ఉంటుంది. పగలు అన్న బీటెక్ ప్రాజెక్టు, సాయంత్రం చెల్లె డిగ్రీ నోట్సు, రాత్రి నాన్న స్కాలర్‌షిప్ ఫారమో, కరెంటు బిల్లో. ఆ మెషిన్ 2015, 2016 నాటిదైతే విండోస్ 11 దాన్ని ఒప్పుకోదు. టీపీఎం 2.0 కావాలంటుంది. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరమో ఆ తర్వాతిదో ఉండాలంటుంది. కొత్తది కొనడానికి చేతిలో పైసల్లేవు. రిపేరు షాపుకు తీసుకెళ్తే "క్రాక్ ఉన్నది తమ్మీ, ఏసిస్త, ఏం గాదు" అనే మాట ఎక్కడైనా దొరుకుతుంది. ఆ క్రాక్‌ను ఎవరు తయారు చేశారో, అందులో ఇంకేం కలిపారో షాపాయనకూ తెలియదు. అదే మెషిన్‌లో రాత్రి నాన్న బ్యాంకు పాస్‌వర్డ్ కొడతాడు.

పైసా ఖర్చు లేకుండా, చట్టబద్ధంగా ఇంకో దారి ఉంది. యునిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్స్ అంటారు వాటిని. లినక్స్ పేరు అందరూ విన్నదే. దానికి వరసకు అన్నదమ్ముల్లాంటివి ఫ్రీబీఎస్డీ, ఓపెన్‌బీఎస్డీ, నెట్‌బీఎస్డీ. కొత్తవాళ్లు సాధారణంగా ఏం చేస్తారంటే, 'టాప్ టెన్ లినక్స్' వీడియోలు నాలుగు చూసి, వారంలో మూడు సిస్టమ్స్ మార్చి, వైఫై రాక విసిగిపోయి మళ్లీ అదే షాపుకు పోతారు. తప్పు సిస్టమ్‌ది కాదు. మొదట వేసుకున్న ప్రశ్నది. 'ఏది మంచిది?' అనే ముందు 'ఇరుక్కుపోతే ఎవరిని అడగాలి?' అని చూసుకోవాలి. ఎంపిక సగం అక్కడే తేలిపోతుంది.

ఒకే వంశం, వేర్వేరు ఇళ్లు

యునిక్స్ పుట్టింది 1969లో, అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ దాని మూలపురుషులు. తర్వాత కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ క్యాంపస్‌లో దానికి చాలా చేర్పులు చేశారు. ఆ శాఖ పేరే బీఎస్డీ. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టు ప్రకటించారు. ప్రోగ్రామ్‌ను ఎవరైనా వాడొచ్చు, లోపల ఏముందో చూడొచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాళ్లకు ఇవ్వొచ్చు అన్నది ఆయన వాదన. 1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకిలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్ రాశారు. కెర్నెల్ అంటే యంత్రానికీ ప్రోగ్రామ్‌లకూ మధ్య నిలబడే గుండెకాయ లాంటి భాగం. గ్నూ పరికరాలు, ఈ కెర్నెల్ కలిశాక పూర్తి సిస్టమ్ తయారైంది.

'ఫ్రీ' అనే ఇంగ్లిషు మాటతో ఇక్కడ ఎప్పుడూ గందరగోళమే. మన దగ్గర ఆ బాధ లేదు. తెలుగులో ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. ఉర్దూలో ముఫ్త్ వేరు, ఆజాద్ వేరు. ఈ సిస్టమ్స్ రెండూ అవుతాయి. కానీ వీటిని తయారు చేసినవాళ్లు ముందు పెట్టేది రెండో మాటనే.

మరి సాంకేతికంగా పాత, గట్టి వంశమైన బీఎస్డీ వెనకపడి, ఒక విద్యార్థి రాసిన లినక్స్ ఎందుకు ముందుకు పోయింది? కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి కోర్టు. 1992లో బీఎస్డీ కోడ్ మీద యునిక్స్ హక్కుదారులు అమెరికాలో కేసు వేశారు. అది తేలేసరికి 1994 వచ్చింది. సరిగ్గా అప్పుడే ఇంటింటికీ పీసీలు వస్తున్నాయి. ఆ రెండేళ్లలో జనం లినక్స్ చుట్టూ చేరిపోయారు. ఆ రోజుల్లో 386బీఎస్డీ చేతికి అంది ఉంటే తాను లినక్స్ రాసి ఉండేవాణ్ని కాదేమోనని లైనసే ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. ముప్పై ఏళ్ల కిందటి ఈ కథ హన్మకొండలో ఈ రోజు లినక్స్ వేసుకునే కుర్రాడికి ఎందుకంటే, జనం ఎటు పోయారో సాయం కూడా అటే పోయింది.

ఎవరి తీరు వాళ్లది

లినక్స్ అంటే నిజానికి కెర్నెల్ మాత్రమే. దానికి డెస్క్‌టాప్, బ్రౌజర్, ఆఫీసు సాఫ్ట్‌వేర్ అన్నీ చేర్చి కట్టి ఇచ్చే మూటను డిస్ట్రిబ్యూషన్ అంటారు, వాడుకలో డిస్ట్రో. మండి బజార్‌లో పది హోటళ్లలో బిర్యానీ బియ్యం ఒకటే కావచ్చు, దమ్ము మాత్రం ఎవరిది వాళ్లదే. ఇదీ అట్లాంటిదే.

డెబియన్ 1993లో మొదలైంది. దాని వెనక కంపెనీ లేదు, ప్రపంచమంతటా ఉన్న వాలంటీర్లే నడుపుతారు. వాళ్ల వార్షిక సమావేశం 2023లో మన పక్కనే కొచ్చిలో జరిగింది. తొందరపడని సిస్టమ్ ఇది. ఒకసారి కుదిరిందంటే ఏళ్ల తరబడి కదలదు. దాని మీద కట్టిందే 2004లో వచ్చిన ఉబుంటు. వెనక కెనానికల్ అనే కంపెనీ ఉంది. ఇంటర్నెట్ ఖరీదుగా ఉన్న రోజుల్లో అడిగినవాళ్లకు ఉబుంటు సీడీలను పోస్టులో ఉచితంగా పంపేవాళ్లు. 2011 దాకా అది నడిచింది. ఆ తరం ఇంజినీరింగ్ హాస్టళ్లలో చదివినవాళ్లకు ఆ కవర్లు గుర్తుండే ఉంటాయి. ఉబుంటు మీద కట్టింది లినక్స్ మింట్, 2006లో వచ్చింది. కింద ప్యానెల్, ఎడమ మూలన మెనూ, అచ్చం పాత విండోస్ లెక్క ఉంటుంది. నాన్నకు, చెల్లెకు మళ్లీ నేర్పే పని ఉండదు. 4 జీబీ ర్యామ్ ఉన్న మెషిన్‌కు మింట్‌లోనే ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం ఉంది. ఫెడోరా రెడ్ హ్యాట్ అండతో నడుస్తుంది. దాదాపు ఆరు నెలలకోసారి కొత్తది వస్తుంది. కొత్త హార్డ్‌వేర్‌కు బాగుంటుంది, అప్‌గ్రేడ్ల పని మాత్రం ఎక్కువ. ఆర్చ్ ఇటుక ఇటుక పేర్చుకుని ఇల్లు కట్టుకోవడం లాంటిది. మొదటి ఇల్లుగా వద్దు. కానీ ఆర్చ్ వాళ్లు రాసిపెట్టిన వికీ ఏ లినక్స్ వాడేవాళ్లకైనా పనికొస్తుంది.

బీఎస్డీల పద్ధతి వేరు. లినక్స్‌లో కెర్నెల్ ఒకరిది, మిగతావి వేరేవాళ్లవి, కూర్చేది మూడోవాళ్లు. ఫ్రీబీఎస్డీలో కెర్నెల్, దాని చుట్టూ ఉండే మూల పరికరాలు అన్నీ ఒకే జట్టు చేతిలో తయారవుతాయి. దాని హ్యాండ్‌బుక్ కూడా అంత పొందిగ్గా ఉంటుంది. నెట్‌ఫ్లిక్స్ వీడియోలను పంపే సర్వర్లు నడిచేది ఫ్రీబీఎస్డీ మీదే. ప్లేస్టేషన్ 4 లోపలి సిస్టమ్‌కు మూలం కూడా అదే. ఓపెన్‌బీఎస్డీ వాళ్లకు భద్రత అంటే పట్టుదల. లినక్స్ సర్వర్లలోకి దూరం నుంచి లాగిన్ అవడానికి అందరూ వాడే ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ వాళ్ల ఇంట్లో 1999లో పుట్టిందే. నెట్‌బీఎస్డీకి రకరకాల వింత మెషిన్ల మీద నడవడమే గొప్ప.

ఇంత ఘనత ఉన్నా, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ల్యాప్‌టాప్‌లో మొదటిసారే ఫ్రీబీఎస్డీ వేయడం తెలివైన పని కాదు. ల్యాప్‌టాప్ వైఫై చిప్పులకు, గ్రాఫిక్స్‌కు డ్రైవర్లు లినక్స్‌లో దొరికినంతగా అక్కడ దొరకవు. డెస్క్‌టాప్‌ను విడిగా పెట్టుకోవాలి. డెస్క్‌టాప్‌తో సహా వచ్చే ఘోస్ట్‌బీఎస్డీ ఉంది కానీ దాన్ని వాడే జనం తక్కువ. పైగా సందేహం వస్తే వరంగల్ మొత్తం మీద ఫ్రీబీఎస్డీ వాడేవాణ్ని వెతకడమే ఒక ప్రాజెక్టు అవుతుంది. నెట్‌వర్కింగ్, సెక్యూరిటీ చదివే పిల్లలు లినక్స్‌లో వర్చువల్‌బాక్స్ పెట్టుకుని, దాని లోపల ఫ్రీబీఎస్డీ నడిపి చూసుకోవచ్చు. చెడినా మెషిన్‌కు ఏం కాదు.

కాబట్టి చాలామందికి జవాబు మింట్ లేదా ఉబుంటు. అవి అన్నింటికన్నా గొప్పవని కాదు. మీకు రాబోయే సమస్య ఈపాటికే ఎవరికో వచ్చి, ఎవరో జవాబు రాసి ఉంటారు కాబట్టి. దీనికి ఒక్కటే మినహాయింపు. మీ మామ కొడుకో, హాస్టల్ రూమ్‌మేటో ఫెడోరా వాడుతూ రోజూ మీకు దొరుకుతాడంటే, మీకు ఫెడోరానే మంచిది.

తెలుగు, ఉర్దూ సంగతి

టైపింగ్ విషయంలో భయపడాల్సింది లేదు. ఐబస్ అనే పరికరంతో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతులు రెండూ వస్తాయి. ఉర్దూ కీబోర్డు కూడా చేర్చుకోవచ్చు. తెలుగుకు లోహిత్, నోటో ఫాంట్లతో పాటు పోతన, వేమన ఫాంట్లు డెబియన్, ఉబుంటు భండారాల్లోనే ఉన్నాయి. పోతన అంటే మన బమ్మెర పోతనే. ఉర్దూ అక్షరాలు నస్తాలీఖ్‌లో కాకుండా అరబీ నస్ఖ్‌లో కనపడితే ఇంట్లో పెద్దవాళ్లకు చదవబుద్ధి కాదు. దానికి నోటో నస్తాలీఖ్ ఉర్దూ ఫాంట్ వేసుకుంటే చాలు.

కుదరని చోటు కూడా ఉంది. షాదీ కార్డులు, కరపత్రాలు కొట్టే డీటీపీ షాపులు తెలుగుకు అను ఫాంట్లు, ఉర్దూకు ఇన్‌పేజ్ వాడతాయి. ఇన్‌పేజ్ విండోస్ కోసం చేసింది. అను ఫాంట్లతో కొట్టిన పాత ఫైళ్లు యూనికోడ్ కావు, వేరే చోట తెరిస్తే పిచ్చి గీతల్లా కనపడతాయి. ట్యాలీతో లెక్కలు రాసే దుకాణానిదీ అదే పరిస్థితి. వైన్ అనే పరికరంతో కొన్ని విండోస్ ప్రోగ్రామ్‌లు లినక్స్‌లో నడుస్తాయన్నది నిజమే. కానీ పెళ్లి సీజన్‌లో గిరాకీని నిలబెట్టి ప్రయోగాలు చేయలేం కదా. అట్లాంటి షాపులు విండోస్‌లోనే ఉండటం మేలు. కొన్ని ఆన్‌లైన్ పరీక్షల సాఫ్ట్‌వేర్ కూడా విండోస్ తప్ప ఒప్పుకోదు. పరీక్ష ముందు రోజు కాకుండా ముందే కనుక్కోవాలి. చదువు, బ్రౌజింగ్, ప్రోగ్రామింగ్, లిబ్రెఆఫీస్‌లో రాతపని.. వీటికైతే లినక్స్ హాయిగా సరిపోతుంది. వర్డ్ ఫైలులో వరసలు అటూఇటూ జరుగుతాయనుకుంటే పీడీఎఫ్ చేసి పంపాలి.

వేయకముందే చూసుకోవచ్చు

చాలామందికి తెలియనిది ఇదే. లినక్స్‌ను హార్డ్ డిస్క్‌లో వేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడొచ్చు. 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు, దాంట్లో ఉన్నది మాత్రం చెరిగిపోతుంది. ఫైలును సిస్టమ్ తయారుచేసినవాళ్ల సొంత సైటు నుంచే దింపుకోవాలి. అక్కడ ఇచ్చే చెక్‌సమ్ నంబరు మనం దింపుకున్న ఫైలుతో కలుస్తుందో లేదో చూడాలి. ఇది చాదస్తం కాదు. 2016 ఫిబ్రవరిలో దొంగలు లినక్స్ మింట్ సైటులోకే దూరి, లింకు మార్చి, లోపల దొంగదారి పెట్టిన నకిలీ ఫైలును జనానికి అంటగట్టారు.

పెన్‌డ్రైవ్ నుంచి నడిపినప్పుడు తీరిగ్గా చూడాల్సినవి వైఫై, సౌండ్, కెమెరా, వెలుతురు తగ్గించే బటన్లు, మూత మూసి తెరిస్తే మెషిన్ లేస్తుందా లేదా అన్నది. వైఫై ఒక్కటే మొరాయిస్తే గాబరా వద్దు. ఫోన్‌ను డేటా కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది, దాంతో డ్రైవర్ దింపుకోవచ్చు. ఎన్నో ఇన్‌స్టలేషన్లను గట్టెక్కించిన చిట్కా ఇది.

అసలు ప్రమాదం 'ఎరేజ్ డిస్క్' అనే ఒక్క బటన్. అది నొక్కితే డిస్క్ మొత్తం తుడిచేస్తుంది. చెల్లె నోట్సు, అక్క నిఖా ఫొటోలు, నాన్న స్కాన్ చేసి పెట్టుకున్న భూమి కాగితాలు అన్నీ దాంట్లోనే ఉంటాయి. అన్నింటినీ బయటి డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ కాపీని ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూశాకే ముందుకు పోవాలి. విండోస్‌ను కూడా ఉంచుకుని పక్కన లినక్స్ వేసేవాళ్లు బిట్‌లాకర్ ఉందేమో చూసుకోవాలి. కొత్త మెషిన్లలో అది దానంతట అదే ఆన్ అయి ఉండొచ్చు. సెట్టింగ్స్ కదిలిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ముందే కాగితం మీద రాసి పెట్టుకోకపోతే ఆ రాత్రి నిద్ర ఉండదు.

అడగడం కూడా ఒక విద్య

సాయం చేసేవాళ్లలో చాలామంది జీతం లేని వాలంటీర్లు. 'సార్, వైఫై రావట్లేదు, అర్జెంట్, హెల్ప్ ప్లీజ్' అని రాస్తే వాళ్లు ఏం చెప్పగలరు? డాక్టర్ దగ్గరికి పోయి 'బాగాలేదు' అని కూర్చున్నట్టే. అదే ఇట్లా రాస్తే చూడండి: 'లినక్స్ మింట్ 22, సినమన్. ల్యాప్‌టాప్ మోడల్ ఫలానా. పెన్‌డ్రైవ్ నుంచి నడిపినప్పుడు వైఫై వచ్చింది, ఇన్‌స్టాల్ చేశాక రావడం లేదు. చిప్పు రియల్‌టెక్, నంబరు ఫలానా. ఫోన్ కేబుల్‌తో నెట్ వస్తోంది. డ్రైవర్ మేనేజర్‌లో ఏమీ చూపించడం లేదు. రిపోర్టు కింద పెట్టాను.' దీనికి జవాబు వచ్చే అవకాశం ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ వివరాలు ఎక్కడినుంచి తేవాలా అనుకోవద్దు. మింట్‌లో సిస్టమ్ రిపోర్ట్స్ అనే పరికరం ఉంది. అందులో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ పేజీ తెరిచి కాపీ నొక్కితే చాలు. ఎర్రర్ మెసేజ్‌ను సొంత మాటల్లో చెప్పకుండా ఉన్నదున్నట్టు అతికించాలి.

ఇంగ్లిషు సరిగా రాదని వెనకాడేవాళ్లు చాలామంది. ఆ సందుల్లో జర్మన్లు, బ్రెజిల్ వాళ్లు, జపాన్ వాళ్లు కూడా వచ్చీరాని ఇంగ్లిషులోనే అడుగుతుంటారు. చిన్న చిన్న వాక్యాలు చాలు. రాత్రి అడిగి పొద్దున చూసుకోవాలి, అవతలివాళ్లది వేరే టైమ్. ఎవరో ఒకరు కటువుగా 'మాన్యువల్ చదువు' అంటారు. అంటే అననీ. వాళ్లు చూపించిన పేజీ చదివి, అందులో అర్థం కానిది మళ్లీ అడిగితే, ముందు కసిరినవాళ్లే తర్వాత ఓపిగ్గా చెప్పడం కద్దు. తెలుగులో నేర్చుకోవాలంటే ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టులో లినక్స్, లిబ్రెఆఫీస్ పాఠాలున్నాయి.

జాగ్రత్త పడాల్సిన చోటు కూడా చెప్పుకోవాలి. ఎవరో ఇచ్చిన కమాండ్ 'సుడో'తో మొదలైతే, అది మెషిన్ మీద పూర్తి అధికారంతో నడుస్తుంది. ఏం చేస్తుందో తెలియకుండా అతికించొద్దు, 'ఇదేం చేస్తుంది?' అని అడిగితే ఎవరూ ఏమనుకోరు. 'ఎనీడెస్క్ వేయి, ఓటీపీ చెప్పు, నేనే బాగు చేస్తా' అనేవాడు మాత్రం వాలంటీర్ కాదు, దొంగ.

వరంగల్‌లో ఎక్కడ వెతకాలి

దగ్గరి సాయం చాలాసార్లు క్యాంపస్‌లోనే దొరుకుతుంది. 1959లో ఆర్ఈసీగా మొదలైన ఎన్ఐటీ, కాకతీయ యూనివర్సిటీ, కిట్స్, ఇంకా చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలు. కంప్యూటర్ సైన్స్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ చేసిన ఫైనల్ ఇయర్ విద్యార్థుల్లో ఒక్కరైనా ఇంటి ల్యాప్‌టాప్‌లో లినక్స్ వాడేవాళ్లు ఉంటారు. వాళ్లను వెతకడానికి కంప్యూటర్ సైన్సే చదవాల్సిన పని లేదు. బీకాం పిల్లలైనా ల్యాబ్ అసిస్టెంట్‌ను 'అన్నా, ఇక్కడ ఉబుంటు ఎవరికి బాగా తెలుసు?' అని అడిగితే చాలు.

రాష్ట్రం స్థాయిలో స్వేచ్ఛ ఉంది. 2005లో మొదలైన ఈ సంస్థ హైదరాబాద్ కేంద్రంగా లినక్స్‌ను తెలుగులోకి తెచ్చే పని చేసింది, అదే పేరుతో తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ విడుదల చేసింది. ఇంజినీరింగ్ కాలేజీల్లో గ్లగ్ పేరుతో విద్యార్థుల లినక్స్ బృందాలను నడిపింది వీళ్లే. మెనూల్లో, బటన్ల మీద ఈ రోజు తెలుగు కనపడుతోందంటే అట్లాంటి వాలంటీర్లు కూర్చుని ఒక్కో మాటా రాసినందుకే. ఏటా సెప్టెంబరులో జరుపుకునే సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ డే కొత్తవాళ్లు ఇట్లాంటి బృందాలను కలవడానికి మంచి సందర్భం. ప్రభుత్వాల వైపు చూస్తే సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్ ఉంది. కేరళ సర్కారీ బడుల్లో పిల్లలు కంప్యూటర్ నేర్చుకునేది లినక్స్ మీదే. అక్కడ టీచర్లకే శిక్షణ ఇచ్చారు, అడిగితే చెప్పే మనిషి ప్రతి బడిలోనూ ఉన్నారు. ఇక్కడ అది ఇంకా వ్యక్తుల ఓపిక మీదే నడుస్తోంది.

సాయంత్రం మీటింగులకు పోలేని అమ్మాయిల సంగతి వేరుగా ఆలోచించాలి. ఆన్‌లైన్‌లో అడిగేటప్పుడు అసలు పేరు, ఫొటో, ఫోన్ నంబరు ఇవ్వాల్సిన పనే లేదు. ఏదో ఒక మారుపేరు చాలు, జవాబు చెప్పేవాళ్లకు కావాల్సింది మెషిన్ వివరాలే. తమ క్లాసులోనే ముగ్గురు నలుగురు కలిసి మధ్యాహ్నం ల్యాబ్ ఖాళీగా ఉన్న గంటలో ఒకే డిస్ట్రో వేసుకుంటే ఇంకా మంచిది. ఒకరికి వచ్చిన సమస్య మర్నాడు ఇంకొకరికి రావడం ఖాయం, అప్పటికి జవాబు పక్క బెంచీలోనే ఉంటుంది.

సాయం చేసేవాళ్లను కలవడానికి పోయేటప్పుడు ఛార్జరు, ఖాళీ పెన్‌డ్రైవ్, ఫోన్ డేటా కేబుల్, బ్యాకప్ తీసిన డిస్క్ వెంట ఉండాలి. ల్యాప్‌టాప్ అడుగున అంటించిన స్టిక్కర్‌ను ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకుంటే, మోడల్ నంబరు కోసం నడుస్తున్న మెషిన్‌ను తలకిందులు చేసే బాధ తప్పుతుంది.